కథ రాసినా వార్తే రాశాడు: ఫ్రెడరిక్ ఫోర్సైత్ మీద ప్రసంగం

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వాళ్లకి వినిపిస్తోందా? సరే, మైకు కొంచెం దగ్గరికి జరుపుకుంటాను.

నిర్వాహకులు నాకిచ్చిన అంశం గూఢచారి నవలలు. గంటలో దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేయడం కూడా కుదరదు. అందుకని ఒక్క మనిషి దగ్గరే ఆగిపోతాను. పేరు ఫ్రెడరిక్ ఫోర్సైత్. ఇంగ్లండువాడు. 2025 జూన్ 9న, 86 ఏళ్ల వయసులో పోయాడు. ఆయన పుస్తకాలు ప్రపంచమంతా కలిపి ఏడు కోట్ల కాపీలు దాటి అమ్ముడయ్యాయంటారు. హైదరాబాదులో ఆదివారం పూట ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత ఇంగ్లీషు పుస్తకాలు తిరగేసిన వాళ్లెవరికీ ఆ పేరు కొత్త కాదు.

ఆయన్ని నవలాకారుడు అనుకుని చదివితే సగమే అర్థమవుతాడు. విలేకరి అనుకుని చదవాలి. ఆయన బలమంతా అక్కడే ఉంది, బలహీనతా అక్కడే ఉంది. ఆయన మీద నాకో పెద్ద ఫిర్యాదు ఉంది, అది కూడా అక్కడే ఉంది. దాని సంగతి తర్వాత చెప్తాను.

బాల్యం గురించి ఎక్కువ చెప్పను. 1938 ఆగస్టు 25న కెంట్‌లోని యాష్‌ఫర్డ్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రిది బొచ్చు కోట్ల వ్యాపారం. యుద్ధం రోజుల్లో, ఐదేళ్ల వయసులో ఎవరో ఎత్తి స్పిట్‌ఫైర్ విమానం కాక్‌పిట్‌లో కూర్చోబెట్టారట. అంతే, పైలట్ అయిపోవాలని పట్టుబట్టాడు. అయ్యాడు కూడా, పందొమ్మిదేళ్లకే వాంపైర్ అనే జెట్ నడిపాడు. ఈ మధ్యలో స్పెయిన్ వెళ్లి ఎద్దులతో పోరాడటం నేర్చుకోవాలని కూడా సరదా పడ్డాడు. (నవ్వులు) ఇవన్నీ ఎలా ఉన్నా, తర్వాత అక్కరకొచ్చింది మాత్రం భాషలు. తండ్రి ఆయన్ని సెలవుల్లో ఫ్రాన్స్‌లో, జర్మనీలో మామూలు కుటుంబాల దగ్గర ఉంచేవాడు. దాంతో ఫ్రెంచి, జర్మన్ ఆ దేశస్థుల్లాగే మాట్లాడటం వచ్చేసింది. ఒక చిన్న జిల్లా పత్రికలో పని నేర్చుకుని, 1961లో రాయిటర్స్ వార్తాసంస్థలో చేరాడు. ఫ్రెంచి వచ్చిన కుర్రాడు కాబట్టి పారిస్ పంపారు.

1962 పారిస్ అంటే ఏమిటో ఒకసారి గుర్తు చేసుకుందాం. అల్జీరియాకి స్వాతంత్ర్యం ఇచ్చినందుకు అధ్యక్షుడు డి గాల్ మీద ఫ్రెంచి సైన్యంలోనే ఒక వర్గం పగబట్టింది. ఓఏఎస్ అనే రహస్య సంస్థ పెట్టుకుని ఆయన్ని చంపాలని చూసింది. ఆగస్టు 22న పారిస్ శివార్లలో పెటి క్లమార్ దగ్గర ఆయన కారు మీద వందకు పైగా తూటాలు కురిపించారు. టైర్లు పోయాయి. లోపల ఉన్న డి గాల్‌కి గాని, భార్యకి గాని ఒక్క గీత పడలేదు. ఆ దాడి నడిపించిన బాస్తియాన్ తిరీ అనే సైనికాధికారిని 1963 మార్చి 11న కాల్చి చంపారు.

ఫోర్సైత్ డ్యూటీ ఏమిటంటే, డి గాల్ ఎప్పుడు బయటికి వస్తే అప్పుడు వెనకాల వెళ్లడం. మొహమాటం లేకుండా చెప్పాలంటే, చంపేస్తే ఆ వార్త ముందు మనదే కావాలని కాపలా కాయడం. అధ్యక్ష భవనం ఎదుట కాఫీ హోటళ్లలో కూర్చుని అంగరక్షకులతో కబుర్లు చెప్పేవాడు. వాళ్లెలా నిలబడతారు, ఎటు చూస్తారు అన్నీ గమనించేవాడు. అలా చూస్తూ చూస్తూ ఒక నిర్ధారణకి వచ్చాడు. ఓఏఎస్ వాళ్లు ఈయన్ని ఎప్పటికీ చంపలేరు. ఎందుకంటే వాళ్లలో ప్రతివాడి ఫైలూ పోలీసుల దగ్గర ఉంది. సంస్థ నిండా ప్రభుత్వ మనుషులే దూరి ఉన్నారు. ఏ ఫైల్లోనూ లేని ఒక బయటివాణ్ణి కిరాయికి తెచ్చుకుంటే మాత్రం కథ వేరేలా ఉంటుంది. ఈ ఊహ ఏడేళ్లకు పైగా మనసులోనే ఉండిపోయింది.

తర్వాత తూర్పు బెర్లిన్. గోడ కట్టిన కొత్త. రాయిటర్స్ తరఫున అక్కడ ఒక్కడే కూర్చుని తూర్పు జర్మనీ, చెకోస్లోవేకియా, హంగరీ చూసుకునేవాడు. వెనకాల స్టాసీ, అంటే తూర్పు జర్మనీ రహస్య పోలీసు మనుషులు నీడలా ఉండేవాళ్లు. 1964 ఏప్రిల్‌లో ఒక రాత్రి కారులో ఇంటికి వస్తుంటే వీధుల నిండా రష్యన్ ట్యాంకులు, ఫిరంగులు గోడ వైపు కదులుతున్నాయి. గుండె ఆగినంత పనైంది. ఉన్నదున్నట్టు వార్త పంపేశాడు. లండన్‌లో పెద్దవాళ్లని నిద్రలేపేశారు. తీరా చూస్తే అది మే డే పరేడ్‌కి రిహార్సల్! (నవ్వులు) మూడో ప్రపంచ యుద్ధం మొదలుపెట్టబోయానని ఆయనే తర్వాత నవ్వుతూ చెప్పుకునేవాడు.

నవ్వు ఇక్కడితో ఆపుదాం. అసలు మలుపు బయాఫ్రా.

1967 మే నెలాఖరున నైజీరియా తూర్పు భాగం విడిపోయి బయాఫ్రా అని పేరు పెట్టుకుంది. ఇగ్బో జాతివాళ్లు ఎక్కువగా ఉండే ప్రాంతం. చమురున్న ప్రాంతం కూడా. జులైలో యుద్ధం మొదలైంది. అప్పటికి ఫోర్సైత్ బీబీసీలో ఉన్నాడు. ఆయన్ని పంపుతూ ఏమన్నారంటే, ఇది కొద్ది వారాల ముచ్చట, తిరుగుబాటు అణిగిపోతుంది, చూసి వచ్చేయ్ అన్నారు. వెళ్లి చూస్తే అలా లేదు. బయాఫ్రా సైన్యం నిలబడింది, జనం వాళ్ల వెంట ఉన్నారు. చూసిందే పంపాడు. లండన్‌కి అది రుచించలేదు. బ్రిటిష్ ప్రధాని హెరాల్డ్ విల్సన్ ప్రభుత్వం లాగోస్ పక్షాన, అంటే నైజీరియా ప్రభుత్వం పక్షాన ఉంది, ఆయుధాలూ ఇస్తోంది. లాగోస్‌లో బ్రిటిష్ హైకమిషన్ చెప్పేదొకటి, ఈయన కళ్లతో చూసేదొకటి. ఆయన్ని వెనక్కి పిలిపించారు. మళ్లీ పంపమంటే, ఈ యుద్ధాన్ని కవర్ చేయడం మన విధానం కాదన్నారట.

ఈ మాట ఆయన చచ్చేదాకా మర్చిపోలేదు. యుద్ధం జరుగుతుంటే దాని గురించి చెప్పకపోవడమే ఒక వార్తాసంస్థకి విధానం ఎలా అవుతుంది? 1968 మొదట్లో ఉద్యోగం వదిలేసి, సొంత పూచీ మీద మళ్లీ బయాఫ్రా వెళ్లాడు. ఆ ఏడాది మధ్యలోనే పిల్లల ఫోటోలు బయటి ప్రపంచానికి చేరాయి. పెద్దవాళ్లెవరైనా ఉంటే గుర్తుండాలి, కాళ్లు చేతులు పుల్లల్లా, పొట్టలు ఉబ్బి, జుట్టు రంగు మారిపోయిన పసివాళ్లు. మాంసకృత్తులు అందక వచ్చే క్వాషియోర్కర్. చుట్టూ దిగ్బంధం. రాత్రిపూట దీపాలార్పుకుని ఉలి అనే చోట రోడ్డునే రన్‌వేగా చేసుకుని సహాయ విమానాలు దిగేవి. 1970 జనవరిలో బయాఫ్రా లొంగిపోయేనాటికి ఆకలితో, యుద్ధంతో పోయినవాళ్లు పది లక్షలకు పైనే అని అంచనా. ఇంకా ఎక్కువ చెప్పేవాళ్లూ ఉన్నారు.

ఫోర్సైత్ దాని మీద 1969లోనే పుస్తకం తెచ్చాడు. నా దృష్టిలో ఆయన రాసిన అన్నిటిలోకీ కోపంతో రాసిన పుస్తకం అదే. బయాఫ్రా నాయకుడు ఒజుక్వుకి మరీ దగ్గరైపోయాడు, వార్త మానేసి వకాల్తా పుచ్చుకున్నాడు అన్న విమర్శ అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. అందులో కొంత నిజముంది. పిల్లలు చచ్చిపోతుంటే తాసు పట్టుకుని అటో గ్రాము ఇటో గ్రాము తూచడం ఎలా అన్నది ఆయన జవాబు.

ఇక లండన్ తిరిగొచ్చాడు. ఉద్యోగం లేదు, చేతిలో డబ్బు లేదు. బీబీసీతో చెడింది కాబట్టి పిలిచేవాడు లేడు. స్నేహితుల ఇంట్లో తలదాచుకుని, 1970 జనవరిలో టైప్‌రైటర్ ముందు కూర్చుని, పారిస్‌లో వచ్చిన ఆ పాత ఊహని 35 రోజుల్లో నవల చేసేశాడు. అదే ద డే ఆఫ్ ద జాకాల్.

నాలుగు ప్రచురణ సంస్థలు తిప్పి పంపాయి. కారణం సబబుగానే ఉంది. డి గాల్ బతికే ఉన్నాడు కదయ్యా, ఆయన్ని చంపబోయే హంతకుడి కథలో సస్పెన్స్ ఎక్కడుంటుంది అన్నారు. మన ఊళ్లలో ఈ ప్రశ్న ఎవరూ వేయరు. పద్మవ్యూహంలో అభిమన్యుడు బయటికి రాడని తెలిసీ తోలుబొమ్మలాట ముందు తెల్లవార్లూ కూర్చున్న జనం మనం. (చప్పట్లు) ఏం జరిగిందో తెలుసు. ఎలా జరిగిందో చూడాలి. ఫోర్సైత్ పట్టుకున్నది ఆ ఎలాని. చివరికి హచిన్‌సన్ సంస్థలో హరాల్డ్ హారిస్ అనే సంపాదకుడు అది గ్రహించాడు. 1971లో పుస్తకం వచ్చింది. మొదటి ముద్రణ 8,000 కాపీలే. మరుసటి ఏడాది అమెరికాలో నేర కథలకిచ్చే ఎడ్గార్ బహుమతి, 1973లో సినిమా.

ఈ ఎలా అన్నది ఎలా ఉంటుందో ఒక్క ఘట్టం చెప్తాను. హంతకుడు బ్రస్సెల్స్‌లో ఒక పనివాడితో ప్రత్యేకంగా తుపాకి చేయించుకుంటాడు. విడగొడితే సన్నటి గొట్టాలైపోతుంది. ఆ గొట్టాలు అవిటివాడి చంకకర్రలో ఇమిడిపోవాలి. దాన్ని పరీక్షించడానికి ఆర్డెన్ అడవుల్లోకి వెళ్తాడు. దారిలో సంతలో ఒక ఖర్బూజా పండు, రంగులు, కుంచె కొంటాడు. పండు మీద కళ్లు, ముక్కు, నోరు గీస్తాడు. సంచిలో వేసి చెట్టుకి మనిషి తల ఎత్తులో వేలాడదీస్తాడు. అడుగులు లెక్కపెట్టుకుంటూ వెనక్కి నడుస్తాడు. మామూలు తూటా ఒకటి పేలుస్తాడు, వెళ్లి చూస్తాడు, టెలిస్కోపు మర కొంచెం తిప్పుతాడు, మళ్లీ పేలుస్తాడు. అలా సరిపడేదాకా ఓపిగ్గా చేస్తాడు. ఆఖర్న పాదరసం నింపిన తూటా పెట్టి కొడితే పండు ఇక ఉండదు. తొక్క, గుజ్జు చెట్టు మొదట్లో పడి ఉంటాయి. ఎవరూ చావలేదు. ఒక్క రక్తపు చుక్క లేదు. చదివేవాడికి మాత్రం చెమటలు పడతాయి. ఎందుకంటే ఆ పండు ఎవరి తలకి బదులుగా వేలాడుతోందో మనకి తెలుసు.

ఇక్కడ ఉపమానాలు లేవు, హంతకుడి మనసులో సంఘర్షణ లేదు. ఎంత దూరం, ఎన్ని అడుగులు, ఏ మర ఎటు తిప్పాడు, అంతే. ఇది వార్త రాసే పద్ధతి. నవల మొదటి వాక్యంలోనే టైము ఉంటుంది, ఆరూ నలభై. బాస్తియాన్ తిరీని కాల్చేసిన పొద్దు అది. నిజమైన సంఘటన, నిజమైన పేరు, దాని పక్కనే కల్పన. అతుకు కనిపించదు. ఇంకో చమత్కారం. నవలలో డి గాల్‌ని చంపడానికి పెట్టిన ముహూర్తం 1963 ఆగస్టు 25, పారిస్ విముక్తి దినం. ఆగస్టు 25 రచయిత పుట్టినరోజని ఇందాకే చెప్పాను.

ఆ నవలలో దొంగ పాస్‌పోర్టు సంపాదించే పద్ధతి ఒకటుంది. శ్మశానానికి వెళ్లి, తన ఈడువాడై ఉండి పసితనంలోనే పోయిన పిల్లవాడి సమాధి వెతకడం, ఆ పేరుతో జనన పత్రం తీయడం, దాంతో పాస్‌పోర్టుకి అర్జీ పెట్టడం. పుట్టుకల రిజిస్టరూ చావుల రిజిస్టరూ ఒకదాన్నొకటి చూసుకోవు, కిటుకు అదీ. ఇది ఆయన కల్పించింది కాదు, వాకబు చేసి తెలుసుకున్నది. దాని ఫలితం వినండి. 1974లో జాన్ స్టోన్‌హౌస్ అనే బ్రిటిష్ ఎంపీ, ఒకప్పటి మంత్రి, మయామి బీచ్‌లో బట్టలు వదిలేసి మునిగిపోయినట్టు నాటకమాడాడు. తన నియోజకవర్గంలో చనిపోయిన వాళ్ల పేర్లతో ఇదే దారిలో పత్రాలు సంపాదించి ఆస్ట్రేలియాలో తేలాడు. క్రిస్మస్ ముందురోజు దొరికాడు. బ్రిటన్‌లో ఈ రకం మోసానికి జాకాల్ మోసం అనే పేరే స్థిరపడిపోయింది. నవల వచ్చాక కూడా ఆ కంత పూడ్చడానికి ప్రభుత్వానికి దశాబ్దాలు పట్టింది. గవర్నమెంటు ఆఫీసులు ఎక్కడైనా గవర్నమెంటు ఆఫీసులే. (నవ్వులు)

రెండో నవల ఒడెసా ఫైల్, 1972. అందులో నాయకుడు హాంబర్గ్‌లో ఒక విలేకరి. విలన్ ఎడువార్డ్ రోష్‌మన్ నిజంగా ఉన్న నాజీ అధికారి, రీగాలో యూదుల్ని చంపించినవాడు. నాజీల్ని వెతికే సైమన్ వీసెంథాల్ సాయంతో రాశాడు. పుస్తకం, సినిమా వచ్చాక రోష్‌మన్ పేరు మళ్లీ జనం నోళ్లలో పడింది. అర్జెంటీనాలో దాక్కున్న ఆ మనిషి 1977లో పరాగ్వే పారిపోయి అక్కడే చచ్చాడు.

మూడోది కిరాయి సైనికుల కథ, 1974. దానికోసం ఆయుధాల దొంగవ్యాపారం ఎలా నడుస్తుందో తెలుసుకోవాలని, తనే కొనుగోలుదారుడిలా వేషం వేసుకుని హాంబర్గ్ వెళ్లాడు. అంతా సవ్యంగానే నడిచింది. ఒకరోజు ఆ వ్యాపారి కారు ఒక పుస్తకాల షాపు ముందు ఆగింది. అద్దంలో జాకాల్ నవల జర్మన్ అనువాదం, దాని మీద రచయిత ఫోటో! హోటల్ గదికి ఫోన్ వచ్చింది, వెంటనే బయటపడు అని. పాస్‌పోర్టు, డబ్బు పట్టుకుని స్టేషన్‌కి పరుగెత్తి, కదులుతున్న రైలు ఎక్కేశాడు. సొంత పేరు వల్లే ప్రాణం మీదికి తెచ్చుకున్న రచయిత ఇంకెవరైనా ఉన్నారా? ఈ కథ ఆయనే చెప్పాడు కాబట్టి కాస్త ఉప్పూకారం పడి ఉండొచ్చు. విలేకరులు కథ చెప్తే అలాగే ఉంటుంది.

ఇప్పుడు నా ఫిర్యాదు. 2015లో ఆత్మకథ రాస్తూ ఒక సంగతి బయటపెట్టాడు. బయాఫ్రా రోజుల నుంచి మొదలుపెట్టి ఇరవై ఏళ్లకు పైగా బ్రిటిష్ గూఢచారి సంస్థ ఎంఐ6కి పనులు చేసిపెట్టానని. 1973లో తూర్పు జర్మనీలో డ్రెస్డెన్ వెళ్లి, ఒక మ్యూజియంలో రష్యన్ కర్నల్ దగ్గర పొట్లం తీసుకుని సరిహద్దు దాటించానని రాశాడు. దక్షిణాఫ్రికాలో పెద్దల్ని అణుబాంబుల సంగతి అడిగి రమ్మన్నారని కూడా రాశాడు.

ఏమిటి... డబ్బు తీసుకున్నాడా అని అడుగుతున్నారు ఆ మూల నుంచి. లేదన్నాడు. దేశం కోసం చేశానన్నాడు. నాకు అభ్యంతరం డబ్బు గురించి కాదండీ. ప్రభుత్వం చెప్పినట్టు బీబీసీ ఆడుతోందని ఉద్యోగం విసిరికొట్టిన మనిషే, ఆ రోజుల్లోనే అదే ప్రభుత్వపు గూఢచారులకి సమాచారం ఇచ్చాడు. ఆయన సమర్థన ఏమిటంటే, విదేశాంగ శాఖ అబద్ధాలు చెప్తోంది, బయాఫ్రా లోపల జరిగేది నిజంగా తెలుసుకోవాలనుకున్నది ఎంఐ6 ఒక్కటే, పిల్లల చావుల సంగతి ఆ దారినైనా లండన్ పెద్దలకి చేరుతుందనుకున్నానని. ఆ మాటలో నిజాయితీ నాకు కనిపిస్తోంది. అయినా ఒప్పుకోలేను. యుద్ధం జరిగేచోట తుపాకి పట్టుకున్నవాడికి విలేకరిని చూడగానే వచ్చే మొదటి అనుమానం, వీడు గూఢచారేమో అని. ఆ అనుమానంతోనే ఎంతోమంది నిజాయితీ గల విలేకరులు జైళ్లలో మగ్గారు, చచ్చిపోయారు. నేను అప్పుడు గూఢచారినే అని ఒక ప్రసిద్ధ విలేకరి తీరిగ్గా ఆత్మకథలో రాసుకుంటే, ఆ అనుమానానికి సాక్ష్యం దొరికినట్టే కదా. దాని ఖరీదు ఆయన కట్టలేదు, తర్వాత వెళ్లినవాళ్లు కట్టారు.

మళ్లీ నవలల్లోకి వద్దాం. 1984లో ద ఫోర్త్ ప్రోటోకాల్ దాకా వరస బాగుంది. 1990లో నమ్మి డబ్బు పెట్టిన సంస్థ మోసంతో దివాలా తీసి, ఇరవై లక్షల పౌండ్లకు పైగా పోయింది. ఆ గుంట పూడ్చుకోవడానికి మళ్లీ రాయాల్సి వచ్చింది. ఆ తర్వాతి వాటిలో కొన్ని నవలలు కావు, ఫైళ్లు. ఆయుధాల పేర్లు, శాఖల పేర్లు, విమానాల నంబర్లు. మనుషులు పలచబడిపోయారు. ఆడవాళ్ల పాత్రలైతే మొదట్నించీ అంతంత మాత్రమే. జాకాల్‌లో అది లోపంగా తోచదు, ఎందుకంటే హంతకుడికి అసలు పేరే లేదు, గతమే లేదు, ఖాళీగా ఉండటమే వాడి లక్షణం. వేరే కథల్లో అదే ఖాళీ బోరు కొడుతుంది. రాజకీయంగా గట్టి మితవాది, ఐరోపా యూనియన్ అంటే గిట్టదు, పత్రికల్లో కాలమ్స్‌లో విరుచుకుపడేవాడు. వాటి జోలికి నేను వెళ్లను.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఇంట్లో కూర్చుని ఊహించి రాయడం ఆయనకి చేతకాలేదు. 2009లో, డెబ్బై ఏళ్లు వచ్చాక, కొకైన్ రవాణా మీద నవల కోసం పశ్చిమాఫ్రికాలో గినీ బిసావు వెళ్లాడు. దిగిన కొద్ది గంటలకే అక్కడి సైన్యాధిపతిని బాంబుతో లేపేశారు, తెల్లారేసరికి దేశాధ్యక్షుణ్ణి చంపేశారు. పరిశోధనకి వెళ్లినవాడు ఫోన్‌లో బీబీసీకి జరిగింది చెప్పుకుంటూ కూర్చున్నాడు. చివరికి భార్య, ఇలాంటి చోట్లకి వెళ్లే వయసు కాదు నీకు అని గట్టిగా చెప్పాకే తగ్గాడు. కంప్యూటర్ ముట్టుకోలేదు. టైప్‌రైటర్ మీదే కొట్టాడు. దాన్ని హ్యాక్ చేయలేరు కదా అనేవాడు.

టైము అయిపోయిందని నిర్వాహకులు చీటీ పంపారు. ఒక్క ప్రశ్న తీసుకుంటాను. చెప్పమ్మా... ఏది ముందు చదవాలి?

నవలైతే జాకాల్, అందులో రెండో మాట లేదు. అంత లావు పుస్తకం ఇప్పుడే వద్దనుకుంటే ఆయన కథ ఒకటుంది, 1982 సంపుటంలోది. ఐర్లండ్‌లో పాములు లేవు అని దాని పేరు. దానికీ ఎడ్గార్ బహుమతి వచ్చింది. అందులో నాయకుడు మనవాడే, పంజాబు నుంచి వెళ్లి ఉత్తర ఐర్లండ్‌లో వైద్యం చదివే రామ్ లాల్. సెలవుల్లో డబ్బుల కోసం పాత కట్టడాలు కూలగొట్టే కూలిపనికి చేరతాడు. మేస్త్రీ రంగు చూసి అందరి ముందూ అవమానిస్తాడు, కొడతాడు. రామ్ లాల్ ఏమీ అనడు. ఇండియా వచ్చి పింజర జాతి చిన్న పాము ఒకటి కొని పెట్టెలో పెట్టుకుని వెళ్తాడు. తర్వాత పాము చేసింది నేను చెప్పను, అది రామ్ లాల్ అనుకున్నట్టు మాత్రం జరగదు.